అప్‌డేట్: మామయ్య మరుగుదొడ్డి సంగతి

స్వచ్ఛ భారత్ కింద 12,000 రూపాయలొచ్చి కట్టించిన మరుగుదొడ్డిలో మామయ్య పిడకలు పేర్చి, తను మాత్రం చెంబుతో చెరువు గట్టుకే పోతున్నారని ఇక్కడ అడిగాను కదా. పైకి "ఇంటి పక్కనే కంపు" అనేవారు. అసలు భయం వేరే: గుంత నిండితే ఎవరు ఎత్తాలి?

మేస్త్రీతో చాంబర్ (దొడ్లోంచి వచ్చేది ఏ గుంతలోకి పోవాలో మళ్లించే చిన్న తొట్టి) మూత తీయించి చూపించాం. గుంతలు రెండు, ఒకటి నిండితే దారి రెండోదానికి మళ్లించడమే. మూసిన గుంతలోది ఏడాది, ఏడాదిన్నరకి వాసన లేని ఎరువవుతుంది. మామయ్య వంగి తొంగి చూసి, "ఈ ముక్క కట్టినప్పుడే చెప్పొచ్చుగా" అన్నారు. నిజమే, ఎవరూ చెప్పలేదు.

పిడకలు బయటికొచ్చాయి. రాత్రిళ్లు, వానప్పుడు ఇంట్లోనే. తెల్లవారుజామున మాత్రం గట్టుకే, అక్కడ దోస్తుల కబుర్లున్నాయట! అత్తయ్య ఇప్పుడు ఆ దోస్తులందరికీ మా అరుగు మీదే టీ పోస్తోంది.