మిద్దె తోట మీద తెలుగులో బ్లాగు: ఏమీ తెలియనివాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

తులసికోట

అందరికీ నమస్కారం. మిద్దె తోట గురించి తెలుగులో ఒక బ్లాగు పెట్టాలని ఉంది. కుండీ మట్టి, ఆకుకూరలు, కూరగాయలు, పురుగులకు ఇంట్లో చేసుకునే మందులు, ఇవే విషయాలు. వాట్సాప్ గ్రూపుల్లో ఎంత వివరంగా రాసినా రెండు రోజుల్లో పైకి ఎక్కడికో పోతుంది, తర్వాత అడిగినవాళ్లకు మళ్లీ రాయాల్సివస్తుంది. అందుకని ఒకచోట నిలిచి ఉండేలా రాద్దామని.

ఆండ్రాయిడ్ ఫోను, విండోస్ 10 లాప్‌టాప్ ఉన్నాయి. కోడింగ్ రాదు. బ్లాగర్ మంచిదా, వర్డ్‌ప్రెస్ మంచిదా? సొంత డొమైన్ మొదట్లోనే కొనాలా? తెలుగు టైపింగ్‌కి ఏది వాడాలి? రాసింది గూగుల్‌లో వెతికేవాళ్లకు కనబడాలంటే ఏం చేయాలి? తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పగలరు.

నల్లరేగడి

తులసికోట గారూ, మీ అవసరానికి బ్లాగర్ చాలు. డబ్బు కట్టక్కర్లేదు, హోస్టింగ్ (బ్లాగు ఉంచే సర్వర్ అద్దె) గొడవ లేదు, అప్‌డేట్లు చూసుకునే పని లేదు. మీ జీమెయిల్‌తోనే తెరవచ్చు. బ్లాగు తెరవడానికి పది నిమిషాలు పట్టదు కాబట్టి ఆ భాగం వదిలేసి, తెరిచిన వెంటనే మార్చాల్సినవి చెప్తాను.

సెట్టింగ్స్‌లో బ్లాగు భాష తెలుగు అని పెట్టండి. టైమ్ జోన్ కోల్‌కతాకు మార్చండి, లేకపోతే టపా (పోస్టు) తేదీలు తప్పు పడతాయి. ‘సెర్చ్ ఇంజన్లకు కనిపించాలి’ అన్న మీట ఆన్‌లో ఉందో లేదో చూడండి. అక్కడే మెటా ట్యాగ్స్ కింద ‘సెర్చ్ డిస్క్రిప్షన్’ ఆన్ చేయండి. అది చేస్తేనే ప్రతి టపా పక్కన వివరణ రాసుకునే పెట్టె వస్తుంది. కస్టమ్ రోబోట్స్ (సెర్చ్ ఇంజన్లు ఏ పేజీలు చూడాలో చెప్పేది) జోలికి మాత్రం పోవద్దు. అక్కడ ఒక్క మీట అటూ ఇటూ అయితే బ్లాగు మొత్తం గూగుల్‌లోంచి మాయమవుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది పెర్మాలింక్, అంటే ఆ టపాకు ఉండే సొంత లింకు. తెలుగులో శీర్షిక పెట్టి నేరుగా ప్రచురిస్తే బ్లాగర్ ఆ అక్షరాలను లింకులోకి తీసుకోదు. ‘బ్లాగ్-పోస్ట్’, ‘బ్లాగ్-పోస్ట్_7’ అని ఏదో ఒక పేరు తగిలిస్తుంది. లింకు చూసి లోపల ఏముందో ఎవరికీ తెలియదు. కాబట్టి ప్రచురించే ముందు కుడిపక్క పెర్మాలింక్ దగ్గర ‘కస్టమ్’ ఎంచుకుని, విషయాన్ని ఇంగ్లిషు అక్షరాల్లో మూడు నాలుగు మాటల్లో రాయండి, మాటల మధ్య అడ్డగీత పెట్టండి. బెండకు తెల్లదోమ గురించి రాస్తే ‘benda-telladoma-vepanune’ అన్నట్టు. ఖాళీలు, తెలుగు అక్షరాలు అక్కడ పనికిరావు. శీర్షిక మాత్రం హాయిగా తెలుగులోనే ఉంచండి.

లేబుళ్లు ఐదారు మించనివ్వకండి. ‘ఆకుకూర’, ‘ఆకుకూరలు’ అని రెండు రకాలుగా కొడితే బ్లాగర్ వాటిని రెండు వేర్వేరు విభాగాలుగా చూపిస్తుంది. ఒక జాబితా రాసి పెట్టుకుని అందులోంచే వాడండి.

అక్షరపల్లకి

టైపింగ్, అక్షరాల సంగతి నేను చెప్తాను. తెలుగు బ్లాగులు చదవడానికి ఇబ్బందిగా ఉండేది చాలావరకు ఇక్కడే.

ఫోనులో జీబోర్డ్‌లో తెలుగు చేర్చుకుంటే మూడు దారులుంటాయి: తెలుగు అక్షరాల పలక, ఇంగ్లిషు అక్షరాలతో కొడితే తెలుగులోకి మారేది, నోటితో చెప్తే రాసేది. చెప్తే రాసేది వేగంగానే ఉంటుంది కానీ ళ-ల, ణ-న, శ-ష తడబడతాయి. కామాలు, చుక్కలు మీరే పెట్టుకోవాలి. లాప్‌టాప్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌లో తెలుగు చేర్చండి. ఇన్‌స్క్రిప్ట్‌తో (తెలుగు అక్షరాలకు నేరుగా మీటలుండే అమరిక) పాటు ఇంగ్లిషు అక్షరాలతో కొట్టే ఫొనెటిక్ కీబోర్డు కూడా ఉంటుంది, విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా బ్రౌజర్‌లోనే కొట్టాలంటే లేఖిని ఉంది. ఎక్కువ రాస్తారు కాబట్టి ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోమనే నా సలహా. మొదట్లో విసుగొస్తుంది, కానీ కొట్టింది కొట్టినట్టే పడుతుంది, సవరణలు తక్కువ.

అను ఫాంట్లలో టైపు చేసిన పాత వ్యాసాలుంటే వాటిని నేరుగా అతికించకండి. అది యూనికోడ్ (అన్ని ఫోన్లు, కంప్యూటర్లు చదవగలిగే అక్షర పద్ధతి) కాదు, బ్లాగులో పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. కన్వర్టర్‌లో వేసి మార్చుకోవచ్చు, మార్చాక వత్తులు ఒక్కొక్కటీ చూసుకోవాలి.

వాట్సాప్ నుంచో వర్డ్ నుంచో తెచ్చేటప్పుడు కంట్రోల్, షిఫ్ట్, వి కలిపి నొక్కి అతికించండి. మామూలుగా అతికిస్తే అక్కడి రంగు, సైజు, తెల్ల నేపథ్యం కూడా వెంట వచ్చేస్తాయి. టపాలో సగం పేరా ఒక సైజులో, సగం ఇంకో సైజులో ఉండేది ఇందుకే. ఇప్పటికే అలా అయ్యుంటే మొత్తం ఎంచుకుని ‘క్లియర్ ఫార్మాటింగ్’ నొక్కండి.

ఇక థీమ్. బ్లాగర్ థీమ్‌లన్నీ ఇంగ్లిషు అక్షరానికి కొలిచి చేసినవి. మనకు పైన గుడులు, కింద వత్తులు. ‘స్త్రీ’, ‘లక్ష్మి’ లాంటి మాటల్లో వత్తుల కింద వత్తులు వచ్చి కింది వరుస గుడులకు తగులుతాయి. థీమ్, కస్టమైజ్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి ‘యాడ్ సీఎస్ఎస్’ దగ్గర టపా భాగానికి అక్షరం సైజు 18 పిక్సెళ్లు, లైన్ హైట్ (వరుసల ఎత్తు) 1.8 ఇవ్వండి. లెటర్ స్పేసింగ్ (అక్షరాల మధ్య ఎడం) ఏమీ ఇవ్వకండి. జస్టిఫై కూడా వద్దు, మన మాటలు పొడవు కాబట్టి ఫోను తెర మీద రెండు మాటల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు పడతాయి. ఎడమ పక్కకు సర్దితే చాలు.

ఫాంటు విషయానికొస్తే గూగుల్ ఫాంట్స్‌లో మండలి, ఎన్టీఆర్, రామభద్ర వంటివి అందంగా ఉంటాయి. అయితే వాటిలో ఒకే మందం ఉంది, బోల్డ్ పెడితే బ్రౌజర్ తనంతట తాను లావు చేసి అలుకుతుంది. టపాకు నోటో సాన్స్ తెలుగు, హింద్ గుంటూరు, అనేక్ తెలుగులలో ఒకటి పెట్టుకోండి, వీటిలో పలుచన, లావు విడివిడిగా గీసి ఉన్నాయి. రామభద్ర శీర్షికలకు బాగుంటుంది.

కృష్ణాతీరం

నల్లరేగడి గారు చెప్పినదాంతో పూర్తిగా ఏకీభవించలేను. బ్లాగర్‌లో చేయగలిగినవి తక్కువ. రేపు వెతుకుడు పెట్టె బాగుండాలన్నా, పంటల క్యాలెండర్ పెట్టాలన్నా సొంత హోస్టింగ్ మీద వర్డ్‌ప్రెస్ అయితేనే కుదురుతుంది. ఇక్కడ కొత్తవాళ్లు తికమకపడేది ఒకటుంది. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ వేరు, వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ వేరు. మొదటిది వాళ్ల సర్వర్ మీద నడిచే సేవ, ఉచిత ప్లాన్‌లో ప్రకటనలు వాళ్లు వేస్తారు, ప్లగిన్లు (అదనపు సౌకర్యాలిచ్చే చిన్న సాఫ్ట్‌వేర్లు) పెట్టుకోలేరు. రెండోది ఉచిత సాఫ్ట్‌వేర్, దాన్ని మీరు కొన్న హోస్టింగ్‌లో పెట్టుకోవాలి.

ఒప్పుకోవలసిన మాట కూడా చెప్తాను. సొంత హోస్టింగ్ అంటే వర్డ్‌ప్రెస్, థీమ్, ప్లగిన్లు తాజాగా ఉంచడం, బ్యాకప్ తీసుకోవడం అన్నీ మీ నెత్తినే. అప్‌డేట్ చేయని ప్లగిన్ ద్వారానే ఎక్కువ బ్లాగులు హ్యాక్ అవుతాయి. హోస్టింగ్ కంపెనీలు మొదటి ఏడాది ధర పెద్దక్షరాల్లో చూపిస్తాయి, రెన్యువల్ ధర దానికి రెట్టింపో మూడింతలో ఉంటుంది. కొనేముందు రెన్యువల్ ధర చూసి లెక్క వేసుకోండి.

లింకు సమస్య వర్డ్‌ప్రెస్‌లో ఇంకోలా వస్తుంది. అది తెలుగు శీర్షికను లింకులో ఉంచుతుంది కానీ ఒక్కో తెలుగు గుర్తుకు శాతం గుర్తులతో కలిపి 9 అక్షరాలు పడతాయి. ‘లక్ష్మి’ అన్న చిన్న మాటలో ఏడు గుర్తులున్నాయి: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. అంటే 63 అక్షరాలు. మొత్తం 200 దాటితే కత్తిరిస్తుంది, అంటే ఇరవై రెండు గుర్తుల దగ్గరే లింకు తెగుతుంది. వాట్సాప్‌లో పంపితే తెర నిండా శాతం గుర్తులే. కాబట్టి ఇక్కడ కూడా స్లగ్ (లింకు చివర వచ్చే టపా పేరు) ఇంగ్లిషు అక్షరాల్లోనే రాసుకోవాలి.

డొమైన్ మాత్రం మొదటి నెలలోనే కొనండి. మంచి పేరు వేరేవాళ్లు పట్టుకుపోయాక వెతుక్కుంటే దొరకదు. డాట్ ఇన్ అయినా డాట్ కామ్ అయినా పర్వాలేదు. నోటితో చెప్తే వినేవాళ్లు తప్పులేకుండా కొట్టగలిగేలా ఉండాలి. ‘మిద్దెతోట’కు ఇంగ్లిషులో టి తర్వాత హెచ్ ఉందా లేదా అని అడిగించే పేరు కష్టం.

నల్లరేగడి

కృష్ణాతీరం గారి మాటలో డొమైన్ సంగతి ఒప్పుకుంటాను. వర్డ్‌ప్రెస్ సంగతి ఒప్పుకోను. కోడింగ్ రాదన్న మనిషికి సర్వర్ అప్పగిస్తే మొదటి నెల అంతా థీమ్ సర్దడానికే పోతుంది, టపాలు పడవు. బ్లాగర్ మీదే సొంత డొమైన్ నడుస్తుంది. తర్వాత కొన్నా నష్టం లేదు, పాత బ్లాగ్‌స్పాట్ లింకు నొక్కినవాళ్లు తమంతట తాము కొత్త చిరునామాకు వస్తారు.

కలిపే పద్ధతి ఇది. సెట్టింగ్స్‌లో కస్టమ్ డొమైన్ దగ్గర ముందు మూడు డబ్ల్యూలతో సహా పేరు ఇవ్వండి. ఎర్రగా ఒక లోపం వస్తుంది, కంగారుపడకండి, అది రావాల్సిందే. అందులో రెండు సీనేమ్ రికార్డులు (ఒక పేరును ఇంకో పేరుకు కలిపేవి) ఉంటాయి. మొదటిది మూడు డబ్ల్యూల నుంచి జీహెచ్ఎస్ డాట్ గూగుల్ డాట్ కామ్‌కు. రెండోది మీ బ్లాగుకు మాత్రమే ఇచ్చే చిన్న కోడ్ నుంచి ఒక పొడవాటి చిరునామాకు. రెండూ డొమైన్ కొన్నచోట డీఎన్ఎస్ (పేరు కొడితే ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పేది) పేజీలో చేర్చాలి. డబ్ల్యూలు లేకుండా కొట్టినా తెరుచుకోవాలంటే నాలుగు ఎ-రికార్డులు (పేరును సర్వర్ అంకెల చిరునామాకు కలిపేవి) కూడా: 216.239.32.21, 216.239.34.21, 216.239.36.21, 216.239.38.21.

తప్పు జరిగేది మూడు చోట్ల. హోస్ట్ గడిలో ఆ చిన్న కోడ్ ఒక్కటే రాయాలి, దాని వెనక డొమైన్ పేరు కూడా రాస్తే చాలా ప్యానెళ్లు పేరును రెండుసార్లు తగిలిస్తాయి. కొనగానే అమ్మినవాళ్లు పెట్టే పార్కింగ్ ఎ-రికార్డు అలాగే ఉంటే బ్లాగు ఒకసారి తెరుచుకుని, ఒకసారి వాళ్ల పేజీ వస్తుంది, దాన్ని తీసేయాలి. క్లౌడ్‌ఫ్లేర్ (డీఎన్ఎస్ నడిపే ఒక సేవ) వాడితే రికార్డు పక్కన ఉండే నారింజ మబ్బు గుర్తు ఆపి ‘డీఎన్ఎస్ ఓన్లీ’లో ఉంచాలి, లేకపోతే బ్లాగర్‌కు సర్టిఫికెట్ అందకుండా ఆగిపోవచ్చు. అన్నీ సరిగ్గా ఉంటే హెచ్‌టీటీపీఎస్ రెండు మీటలూ ఆన్ చేసి ఒక రోజు ఆగండి. ఈలోగా ‘సురక్షితం కాదు’ అని కనిపించవచ్చు. తొందరపడి రికార్డులు మళ్లీ మళ్లీ మారిస్తే ఇంకా ఆలస్యమవుతుంది.

తులసికోట

ఎంత ఓపిగ్గా చెప్పారండీ! బ్లాగర్‌లోనే తెరిచాను. అయితే ఈ జవాబులు చదివేలోపే రెండు టపాలు ప్రచురించేశాను, లింకులు నల్లరేగడి గారు చెప్పినట్టే ‘బ్లాగ్-పోస్ట్’ అని పడ్డాయి. ఇప్పుడు మార్చుకోవచ్చా? ఫోనులో తీసిన ఫొటోలు పెడితే పేజీ నెమ్మదిగా తెరుచుకుంటోంది. గూగుల్‌లో వెతికితే బ్లాగు అసలు కనబడటం లేదు.

నల్లరేగడి

మార్చుకోవచ్చు. టపాను ‘రివర్ట్ టు డ్రాఫ్ట్’ చేస్తే పెర్మాలింక్ గడి మళ్లీ తెరుచుకుంటుంది. సరిచేసి ప్రచురించండి. పాత లింకు ఎవరికైనా పంపి ఉంటే సెట్టింగ్స్‌లో ‘కస్టమ్ రీడైరెక్ట్స్’కి వెళ్లి పాత దారి, కొత్త దారి ఇవ్వండి. రెండూ వాలుగీతతో మొదలవ్వాలి, డొమైన్ పేరు రాయకూడదు. ‘పర్మనెంట్’ ఆన్ చేయండి.

ఫొటోలు: ఫోను ఫొటో 3 నుంచి 5 ఎంబీ ఉంటుంది. వెడల్పు 1200 పిక్సెళ్లకు తగ్గించి, 150 కేబీ లోపు వచ్చేలా చేసి ఎక్కించండి. స్క్వూష్ అని బ్రౌజర్‌లోనే చేసే పనిముట్టు ఉంది. ఫైలు పేరు కెమెరా ఇచ్చిన అంకెలు కాకుండా విషయం తెలిసేలా మార్చి, ఆల్ట్ టెక్స్ట్‌లో తెలుగులో ఒక వాక్యం రాయండి. ఇంకో జాగ్రత్త: మీ తోట అంటే మీ ఇల్లే. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేయండి, లేకపోతే ఫొటోతో పాటు ఇంటి అక్షాంశ రేఖాంశాలు కూడా వెళ్లే అవకాశం ఉంది.

కృష్ణాతీరం

గూగుల్ సంగతి: గూగుల్ ఉచితంగా ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో బ్లాగు చిరునామా చేర్చండి. సైట్‌మ్యాప్స్ దగ్గర సైట్‌మ్యాప్ డాట్ ఎక్స్ఎంఎల్ అని ఇవ్వండి, టపాల లింకుల జాబితా ఉండే ఆ ఫైలు బ్లాగరే తయారుచేసి పెడుతుంది. కొత్త బ్లాగు కనిపించడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. తొందర ఉన్న టపాకు ‘యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్’లో లింకు వేసి ఇండెక్సింగ్ (గూగుల్ జాబితాలో చేర్చడం) అడగవచ్చు, రోజూ అడిగితే వేగం పెరగదు.

కూడలి, జల్లెడ లాంటి సంకలినులు (తెలుగు బ్లాగుల కొత్త టపాలన్నీ ఒకచోట చూపిన సైట్లు) నడిచిన కాలంలో కొత్త టపా పడగానే పాఠకులు అక్కడినుంచి వచ్చేవాళ్లు. ఇప్పుడు వెతికి వచ్చేవాళ్లే ఎక్కువ కాబట్టి శీర్షికే మీ గుమ్మం. ‘మా తోట కబుర్లు 3’ అని పెడితే ఎవరూ వెతకరు. ‘బెండ ఆకుల కింద తెల్లదోమ: వేపనూనె ఎంత కలపాలి’ అని పెట్టండి. లోపల మొదటి పేరాలోనే కొలత రావాలి: లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కలవడానికి నాలుగు చుక్కల సబ్బునీళ్లు, సాయంత్రం పూట, ఆకుల అడుగున. ఆ తర్వాత ఎందుకు, ఎన్నాళ్లకోసారి, ఎండలో కొడితే ఆకు ఎలా మాడుతుంది అన్నవి వివరించుకోవచ్చు. వాట్సాప్‌లో మిమ్మల్ని పదేపదే అడిగిన ప్రశ్నలే మీ మొదటి పది టపాలు, వాటికి జవాబులు ఇప్పటికే రాసి ఉన్నారు.

అక్షరపల్లకి

రెండు మాటలు. వ్యాఖ్యల మోడరేషన్ ‘సమ్‌టైమ్స్’లో పెట్టి 14 రోజులు ఇవ్వండి. కొత్త టపాకు వ్యాఖ్యలు వెంటనే కనిపిస్తాయి, పాతవాటి మీద పడే చెత్త మీ అనుమతికి ఆగుతుంది.

నెలకోసారి సెట్టింగ్స్‌లో బ్యాకప్ తీసుకోండి. ఆ ఫైలులో రాత, వ్యాఖ్యలు ఉంటాయి, ఫొటోలకు లింకులే ఉంటాయి. అసలు ఫొటోలు వేరే ఫోల్డర్‌లో దాచుకోవాలి. ఇంట్లో ఒకరి జీమెయిల్‌ను రెండో అడ్మిన్‌గా చేర్చండి. మీ ఖాతా లాక్ అయినా బ్లాగు చేజారదు.

తులసికోట

యాడ్స్ ఇప్పుడే పెట్టుకోవచ్చా అని ఇంట్లో అడుగుతున్నారు.

కృష్ణాతీరం

ఇప్పుడే వద్దండీ. అడ్సెన్స్ (గూగుల్ ప్రకటనల సేవ) తెలుగు పేజీలకు ఇస్తారు కానీ నాలుగు టపాలున్న బ్లాగును తరచూ ‘విషయం తక్కువ’ అని తిప్పి పంపుతారు. సంపాదన 10 డాలర్లకు చేరాక చిరునామా సరిచూడటానికి పోస్టులో పిన్ పంపుతారు, 100 డాలర్లు అయితేనే డబ్బు బ్యాంకుకు వస్తుంది. ఇరవై ముప్పై టపాలు పడి, రోజూ వెతికి వచ్చేవాళ్లు సెర్చ్ కన్సోల్‌లో కనబడటం మొదలయ్యాక అప్పుడు అర్జీ పెట్టండి.