మెట్లకి రంగులు పెట్టాలా తీసెయ్యాలా? (వర్చువల్ కీబోర్డు, కర్ణాటక సంగీతం)

ఫ్రిస్కో_సుధ
అందరికీ నమస్తే. మా పాప విజయవాడ టీచర్ దగ్గర ఆన్‌లైన్‌లో కీబోర్డు మీద సంగీతం నేర్చుకుంటోంది, సరళీ స్వరాలు అయ్యి జంట స్వరాల్లో ఉంది. కీబోర్డు ఇంకా కొనలేదు, టచ్ స్క్రీన్ లాప్‌టాప్‌లో వీఎంపీకే (స్క్రీన్ మీదే పియానో మెట్లు చూపించే సాఫ్ట్‌వేర్) వేసిచ్చా. నొక్కిన మెట్టు వెలిగే రంగు మనకి నచ్చినట్టు మార్చుకోవచ్చు కదా, అందులో అన్నిటికీ ఒకే రంగు, తెల్ల మెట్లకొకటి నల్ల మెట్లకొకటి, మిడి (వాయిద్యాలూ కంప్యూటర్లూ స్వరాల సందేశాలు పంపుకునే పద్ధతి) ఛానెల్‌కొకటి, పన్నెండు స్వరస్థానాలకి (సా నుంచి పై సా లోపు ఉండే మెట్లు) పన్నెండు, ఇలా చాలా ఉన్నాయి. నేను పన్నెండుది తీసుకుని సి అంటే సా కాబట్టి ఎరుపు, జి అంటే పా కాబట్టి నీలం, అలా పెట్టుకుంటూ పోయా. పాప తెగ సంబరపడింది. ఈ మధ్య వాళ్ళ టీచర్ గారు ఐదు శ్రుతికి మార్చారు, అంటే ఇప్పుడు సా జి దగ్గర. పాప సా నొక్కితే నీలం వెలుగుతోంది, "అమ్మా ఇది పా కదా" అని ఆగిపోతోంది. రంగులన్నీ జరపాలా, మొత్తం తీసెయ్యాలా?

చైతు_మిడి
సుధ గారూ రంగులు ముట్టుకోకండి. పైన ట్రాన్స్‌పోజ్ అని ఉంటుంది, మోగే స్వరాన్ని ఎన్ని మెట్లు కావాలంటే అన్ని జరుపుతుంది, అక్కడ 7 పెట్టండి, మరీ పైకెళ్ళిపోయింది అనిపిస్తే -5. పాప సి నొక్కుతుంది, మోగేది జి. సా ఎప్పటికీ ఎరుపే. రేపు టీచర్ ఐదున్నర శ్రుతి (జి షార్ప్) అంటే 8 పెట్టుకుంటారు, అయిపోయింది.

స్వరఝరి_టీచర్
అయ్యో ఆ పని మాత్రం చెయ్యకండి అమ్మా. ట్రాన్స్‌పోజ్ అలవాటైన పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు, ఒకటో శ్రుతిలో (సా సి దగ్గర) తప్ప ఇంకెక్కడా వేళ్ళు కదలవు. మొదటి పాఠాలు చెప్పే రాగం మాయామాళవగౌళ సి నుంచి అయితే సి, సి షార్ప్, ఇ, ఎఫ్, జి, జి షార్ప్, బి. అదే జి నుంచి అయితే జి, జి షార్ప్, బి, సి, డి, డి షార్ప్, ఎఫ్ షార్ప్. నిషాదం (చివరి స్వరం, ని) తెల్ల మెట్టు కాస్తా నల్ల మెట్టయింది చూశారా. అది వేళ్ళకి తెలియాలి. బటన్ నొక్కితే తెలియదు.
రంగులు కూడా తీసెయ్యండి. సంగీతం చెవికి సంబంధించింది.

చైతు_మిడి
మేడమ్, హార్మోనియంలో స్కేల్ చేంజర్లు ఎప్పట్నుంచో ఉన్నాయి, మెట్ల వరస మొత్తం పక్కకి జరుపుతారు, పెద్ద పెద్ద విద్వాంసులే వాడుతున్నారు. వాళ్ళకి వేళ్ళు రావా?

స్వరఝరి_టీచర్
వాళ్ళు నేర్చుకున్నాక వాడుతున్నారు నాయనా. ఈ పాప జంట స్వరాల్లో ఉంది.

బుల్లెట్_బాబ్జీ
ఒక డౌటు. టచ్ స్క్రీన్ మీద వేలు పెట్టిన మెట్టే వెలిగితే ఆ రంగు వేలి కిందే కదా ఉండేది, పాపకి కనపడుద్దా 😀

నెల్లూరు_మోహన్
రంగుల మీద ఇంత గొడవ పడుతున్నారు, నాకు ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా సరిగ్గా తెలియదు. ఐరోపా మూలాలున్న మగవాళ్ళలో సుమారు 8 శాతం మందికి ఇలా ఉంటుందట, మన దగ్గర అంతకన్నా తక్కువే అంటారు కానీ ఉన్నవాళ్ళం ఉన్నాం. పన్నెండు రంగుల పాలెట్ పెడితే అందులో సగం నాకు ఒకే బురద రంగు. కుడిచెయ్యి ఎడమచెయ్యి విడిగా కనిపించాలంటే ఆకుపచ్చ, ఎరుపు పెట్టకండి, నీలం, నారింజ పెట్టండి. ఇంకోటి, లేత పసుపు తెల్ల మెట్టు మీద, ముదురు నీలం నల్ల మెట్టు మీద ఎవరికీ కనపడవు. తెల్లవాటికీ నల్లవాటికీ విడివిడిగా పెట్టుకునే ఆప్షన్ ఉపయోగం అక్కడే.

చైతు_మిడి
మోహన్ అన్నా మంచి పాయింటు, కానీ ఇక్కడ టాపిక్ అది కాదు. టాపిక్ ఏంటంటే స్వరానికో రంగు ఉంటే పిల్లలకి తొందరగా ఎక్కుతుంది. పాశ్చాత్య దేశాల్లో పిల్లలకిచ్చే ప్లాస్టిక్ గొట్టాలు ఉంటాయి, బూమ్‌వ్యాకర్లు, వాటిలో సి ఎరుపు, డి నారింజ, ఇ పసుపు. స్కూళ్ళలో వాడుతున్నారు.

పాత_రేడియో
సి ఎరుపు అని ఎవరు రాసిపెట్టారు బాబూ? రష్యాలో ఇద్దరు సంగీతకర్తలు, స్క్రియాబిన్, రిమ్‌స్కీ-కోర్సకోవ్. ఇద్దరూ స్వరాలకి రంగులు ఉన్నాయన్నవాళ్ళే. స్క్రియాబిన్‌కి సి ఎరుపు, రెండో ఆయనకి తెలుపు. డి పసుపు అని మాత్రం ఇద్దరికీ కుదిరింది. వాళ్ళిద్దరికే కుదరని లెక్క మనం పాలెట్‌లో పెట్టి ఇదే రైటు అంటే ఎలా.

చైతు_మిడి
ఎరుపే అని నేనెక్కడన్నాను సార్, ఏదో ఒకటి ఫిక్స్ చెయ్యాలి అంటున్నా. ఊదా పెట్టుకోండి. సా కి ఒక రంగు, అంతే.

స్వరఝరి_టీచర్
ఏదో ఒకటి ఫిక్స్ చెయ్యడమే కుదరదు అంటున్నా నేను. స్వరస్థానాలు పన్నెండు, పేర్లు పదహారు. ఒకటో శ్రుతిలో డి మెట్టు మాయామాళవగౌళలో అసలు రాదు, శంకరాభరణంలో చతుశ్రుతి రిషభం, కనకాంగిలో అదే మెట్టు శుద్ధ గాంధారం. మీరు దానికి "రి రంగు" వేశారు, కనకాంగి వచ్చిన రోజు ఏం చేస్తారు?
ఇంకా అసలు సంగతి, తోడి రాగంలో గాంధారం ఒకచోట నిలబడదు, ఊగుతుంది. మీ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది, నోట్ ఆన్ వస్తే మెట్టు వెలిగిస్తుంది, నోట్ ఆఫ్ వస్తే ఆర్పేస్తుంది. స్వరాన్ని పైకీ కిందకీ వంచే పిచ్ బెండ్ వేరే మెసేజు, దాంతో స్వరం ఎంత ఊగినా ఆ మెట్టు మీద రంగు అలాగే గుడ్లప్పగించి చూస్తుంటుంది. అదే గాంధారం అనుకుంటుంది పిల్ల.

చైతు_మిడి
జంట స్వరాల పాపకి కనకాంగి, తోడి ఎందుకు మేడమ్ ఇప్పుడు?? ఇందాక మీరే కదా అన్నారు ఇంకా జంట స్వరాలే అని. మీకు కావాల్సినప్పుడు చిన్నపిల్ల, కావాల్సినప్పుడు కచేరీ.

బుల్లెట్_బాబ్జీ
నా డౌటు ఎవరూ పట్టించుకోలేదు

వీధి_బడి
సా, పా రెండిటికే రంగు పెట్టి మిగతా పదీ బూడిద రంగు చేసేస్తే? డెబ్బై రెండు మేళకర్తల్లోనూ (మూల రాగాల్లోనూ) కదలనివి ఆ రెండే. ఐదు శ్రుతి అయితే జి, డి. శ్రుతి మారితే పన్నెండు మార్చక్కర్లా, రెండు చోట్ల మార్చి పాతవి బూడిద చేస్తే చాలు.

స్వరఝరి_టీచర్
హిందోళంలో పా లేదు. శ్రీరంజనిలో లేదు.

వీధి_బడి
లేకపోతే వెలగదండీ, నొక్కితేనే కదా వెలిగేది.

చైతు_మిడి
😂😂
మేడమ్ మీతో వచ్చిన చిక్కే ఇది, ఏం చెప్పినా ఒక రాగం తీసి అడ్డం పెడతారు. చిన్నప్పుడు మా ఊళ్ళో హార్మోనియం మాస్టారు ఉండేవాడు, తప్పు మెట్టు నొక్కితే స్కేలుతో వేలి కణుపుల మీద కొట్టేవాడు, ఎందుకు తప్పో చెప్పేవాడు కాదు, "చెవి పెట్టు" అనేవాడు. నాన్న ఫీజు ముందే కట్టేశాడు, ఆయన పండక్కి అత్తారింటికి వెళ్ళి మళ్ళీ రాలేదు. నేను సంగీతం మానేసింది అప్పుడే. ముప్పై దాటాక స్క్రీన్ మీద మెట్టు వెలగడం చూస్తూ నాకు నేనే నేర్చుకున్నా. ఇవాళ భజనలో వాయిస్తున్నా. నాకు రంగే గురువు, ఎవరేమనుకున్నా. మీలాంటి వాళ్ళకి భయం ఏంటంటే ఇది ఇలాగే సాగితే క్లాసులకి ఎవరూ రారని.

స్వరఝరి_టీచర్
ఎవరో కొట్టినదానికి నన్నెందుకు అంటారు? నేను ఏ పిల్లనీ కొట్టలేదు. ఫీజు విషయం తీసుకొచ్చారు కాబట్టి చెప్తున్నా, కట్టలేని పిల్లలకి ఊరికే చెప్తున్నాను, అది ఇక్కడ రాసుకోవాల్సి వచ్చినందుకు సిగ్గుగా ఉంది. మీరు భజనలో వాయిస్తున్నారు, సంతోషం. ఏ శ్రుతిలో?

చైతు_మిడి
ఒకటిన్నరలో. ట్రాన్స్‌పోజ్ 1 పెట్టి. అయితే?

స్వరఝరి_టీచర్
ఏం లేదు. అడిగా.

పాత_రేడియో
ఇద్దరూ కాస్త తగ్గండి, సుధ గారు ఒక ప్రశ్న అడిగి పోయారు పాపం.

ఫ్రిస్కో_సుధ
ఇక్కడే ఉన్నానండీ, అన్నీ చదువుతున్నా. ఇంత దూరం వచ్చింది కాబట్టి చెప్పేస్తా. బాబ్జీ గారూ మీరన్నది నిజమే, పాపకి రంగు సరిగ్గా కనపడదు, వేలి కిందే ఉంటుంది. పక్కన కూర్చున్న నాకు కనపడుతుంది. రంగులు పెట్టింది పాప కోసం అని మొదట్లో రాశాను కానీ ఎక్కువ నాకోసమే. నాకు సంగీతం ముక్క రాదు. ఇక్కడ అమెరికాలో సాయంత్రం ప్రాక్టీసు టైముకి అక్కడ తెల్లవారుజాము, టీచర్ గారిని అడగలేను. ఎరుపు తర్వాత ఏ రంగు రావాలో కాగితం మీద రాసుకున్నా, ఆ వరస తప్పితే "మళ్ళీ వాయించు" అంటా. నాకున్న దారి అదొక్కటే.

స్వరఝరి_టీచర్
అమ్మా, నేను భయపడేది సరిగ్గా దానికే. మెట్టు గురించీ కాదు, ఆ సాఫ్ట్‌వేర్ గురించీ కాదు. పిల్ల తప్పు వాయిస్తే ఆ అపస్వరం ముందు దానికి గుచ్చుకోవాలి, ఆగి, వెతుక్కుని, తనే దిద్దుకోవాలి. ఆ రెండు క్షణాలు మీరు ఇవ్వట్లేదు. రంగు చూసి మీరు ముందే "తప్పు" అనేస్తున్నారు. ఇందాక చైతు గారు చెప్పిన మాస్టారు స్కేలుతో చేసింది కూడా అదే కదా.

చైతు_మిడి
అంటే సుధ గారు స్కేలుతో కొట్టినట్టా?? ఆవిడ పక్కన కూర్చోవడం కూడా తప్పేనా? ఎంతమంది తల్లిదండ్రులు కూర్చుంటారు అసలు? సంగీతం వచ్చిన ఇంట్లో పుడితే అమ్మో అమ్మమ్మో వంటింట్లోంచే "రి తక్కువైంది" అని అరుస్తారు, దాన్ని సంప్రదాయం అంటారు. రాని ఇంట్లో అమ్మ రంగు చూసి అంటే నేరం.

వీధి_బడి
+1. ఇది మాత్రం నిజం.

స్వరఝరి_టీచర్
నేరం అనలేదు. వంటింట్లోంచి అరిచే అమ్మమ్మ వినే అరుస్తుంది, చూసి కాదు. తేడా ఉంది, మీరు ఒప్పుకోరు.

చైతు_మిడి
ఒప్పుకోను.

ఫ్రిస్కో_సుధ
టీచర్ గారూ, మీరు చెప్పింది అర్థమైంది, కొంచెం బాధ కూడా వేసింది. నేను కూర్చోవడం మానను, కూర్చోకపోతే అది యూట్యూబ్ పెట్టుకుంటుంది. ట్రాన్స్‌పోజ్ మాత్రం వద్దులెండి, వాళ్ళ టీచర్ గారు జి నుంచే వాయించమంటున్నారు. వీధి_బడి గారు చెప్పినట్టు జి, డి కి రంగు పెట్టి మిగతావి బూడిద చేశా. సా నుంచి పా దాకా వరస తప్పినా ఇప్పుడు నాకు తెలియట్లేదు, పా దగ్గరికి వచ్చేసరికి ఒక మెట్టు అటూ ఇటూ అయితేనే తెలుస్తోంది.

నెల్లూరు_మోహన్
ఏ రెండు రంగులు పెట్టారు?

ఫ్రిస్కో_సుధ
ఎరుపు, ఆకుపచ్చ 🙈

నెల్లూరు_మోహన్
పైన అంత రాశానమ్మా