కాటన్ జయంతి ప్లానింగ్: ప్యానెల్స్, డార్కింగ్ ప్రయాణం, సిరోంచ మాట

సమన్వయం, లండన్:
అందరికీ నమస్తే. మే 15కి దగ్గరి శనివారానికి హాల్ ఖాయం చేశాం. పొద్దున డార్కింగ్‌లో కాటన్ దొర సమాధి దగ్గర పూలు పెట్టి, మధ్యాహ్నం హాల్లో ప్రదర్శన, తర్వాత భోజనాలు. ప్యానెల్స్ డ్రాఫ్ట్ నిన్న పంపాం. మహారాష్ట్ర సిరోంచలో ఉన్న అన్న ఫోన్లో ఏదో అభ్యంతరం చెప్పారు. అన్నా, అది అందరికీ తెలిసేలా ఇక్కడే రాయండి.

సిరోంచ నుంచి:
అభ్యంతరం కాదు తమ్ముడూ, అడగాల్సిన మాట. డ్రాఫ్ట్ చూశాను. ఆడిస్కూంబ్ సైనిక విద్యాలయం, తమిళనాడులో కొల్లిడం నది మీద 1836 నాటి ఆనకట్టలు, 1847లో మొదలై 1852కు పూర్తయిన ధవళేశ్వరం, చివర్లో పచ్చటి వరిచేను ఫోటో. అన్నీ బాగున్నాయి. కానీ దొర పొలాలకు నీళ్లిచ్చాడన్న మాటతోనే ఆపేశారు. ఆయనకు నీటి మీద ఇంకో పిచ్చి ఉండేది, అది పడవలు.

గోదావరి కాలువలు తవ్వించినప్పుడే పడవలు పోయేంత వెడల్పు పెట్టించి, లాకులు (నీటి మట్టం పెంచి, దించి పడవలను దాటించే తలుపులు) కట్టించాడు. అందుకే కాకినాడలో ఎక్కించిన సరుకు ఏలూరు కాలువ మీదుగా బెజవాడ చేరి, అక్కడి నుంచి బకింగ్‌హామ్ కాలువలో చెన్నపట్నం దాకా పోయేది. రైలు కంటే నీటి దారే ఈ దేశానికి చవక అని జీవితాంతం వాదించాడు. పార్లమెంటు కమిటీ ముందు కూడా అదే మాట. రైల్వే కంపెనీల వాళ్లకు ఆయనంటే పడేది కాదంటే ఆశ్చర్యమేముంది?

ఇక మా ఊరి సంగతి. విదర్భ పత్తిని ప్రాణహిత, గోదావరి మీదుగా పడవల్లో సముద్రానికి దించాలన్నది ఆయన ఆలోచన. దారిలో మూడు చోట్ల రాతి గుట్టలు అడ్డం. మొదటిది భద్రాచలం పైన దుమ్ముగూడెం, రెండోది ఇచ్ఛంపల్లి, మూడోది అహేరి దగ్గర ప్రాణహిత మీద దేవల్‌మరి. ఒక్కో చోట ఆనకట్ట కట్టి, పక్కన కాలువ తవ్వి, లాకులతో పడవలను దాటించాలి. దగ్గరుండి పని చూసింది కెప్టెన్ హేగ్. 1860లో నిజాం నుంచి గోదావరి ఎడమ గట్టు ఇంగ్లీషు వాళ్ల చేతికి రాగానే ఎగువ గోదావరి అని ఒక జిల్లానే ఏర్పాటు చేసి, సిరోంచను దానికి కేంద్రం చేశారు. ఇవాళ గడ్చిరోలి జిల్లా చివర ఒక తాలూకాగా ఉన్న ఊరు అప్పట్లో జిల్లా కేంద్రం!

అమెరికాలో అంతర్యుద్ధం నడిచినన్నాళ్లు మాంచెస్టర్ మిల్లులకు మన పత్తి కావాల్సి వచ్చింది, డబ్బు కదిలింది. యుద్ధం 1865లో ముగిసింది. 1867లో బొంబాయి రైలు నాగపూర్ చేరింది. అడవి జ్వరాలకు కూలీలు నిలవలేదు. ఎండాకాలం నదిలో నీళ్లుండవు, ఇది ఇక్కడి పశువుల కాపరికి కూడా తెలుసు. 1871లో పని ఆపేశారు. జిల్లా కూడా పోయింది. 1874లో భద్రాచలం మద్రాసు వైపుకు, సిరోంచ చాందా (ఇప్పటి చంద్రపూర్) జిల్లాలోకి వెళ్లాయి. మేం తెలుగు మాట్లాడుతూ మరాఠీ బడికి వెళ్లే వాళ్లం కావడంలో ఈ పడవల లెక్కకు కూడా పాలు ఉంది.

నా మాట ఒక్కటే. ఈ ఓడిపోయిన పని మీద కూడా ఒక ప్యానెల్ పెట్టండి. దొరను దేవుడిని చేసి దండ వేయడం సులువు. ఆయన ఇంజనీరు. ఒక లెక్క కలిసొచ్చింది, ఇంకోటి కలిసి రాలేదు.

ప్యానెల్స్ టీమ్, క్రోయిడన్:
అన్నా, చదువుతుంటే చాలా బాగుంది, కానీ జయంతి రోజు ఫెయిల్యూర్ ప్యానెల్ అంటే పెద్దవాళ్లు ఏమనుకుంటారోనని టెన్షన్. పైగా చోటు తక్కువ. వీణం వీరన్న ప్యానెల్ తీసేసి పెట్టమంటారా?

సిరోంచ నుంచి:
వీరన్నను ముట్టుకోవద్దమ్మా. ధవళేశ్వరంలో దొర పక్కన నిలబడి కూలీలను కూడగట్టిన మనిషి ఆయన. తీయాలంటే వరిచేను ఫోటో తీయండి, అది క్యాలెండర్‌లో కూడా దొరుకుతుంది. దుమ్ముగూడెం ఆనకట్ట ఇప్పటికీ నిలిచే ఉంది, ఫోటో పంపుతాను. పెద్దవాళ్లతో నేనే ఫోన్లో మాట్లాడతాను.

భోజనాల టీమ్:
మేడిగడ్డ బ్యారేజీ గురించి కూడా పెట్టొచ్చు కదా? అది కూడా మీ దగ్గరే కదా అన్నా.

సిరోంచ నుంచి:
దగ్గరే, మాకు కాస్త దిగువన. 2019లో ప్రారంభం, 2023 అక్టోబర్‌లో పిల్లర్లు కుంగాయి. అది పెడితే హాల్లో పార్టీల గొడవ మొదలై మీ పులిహోర చల్లారిపోతుంది. వద్దు.

దాని బదులు ఒక రికార్డింగ్ ఇస్తాను. కాళేశ్వరానికి వంతెన రాకముందు ఇక్కడ నాటు పడవ నడిపిన ముసలాయన ఉన్నాడు. పడవలో మోటారు సైకిళ్లు అడ్డంగా పడుకోబెట్టి, పెళ్లి బృందాన్ని వాటి మధ్యలో కూర్చోబెట్టి దాటించేవాడట. పెళ్లికూతురు ఏ వైపు కూర్చుంటే ఆ వైపు పడవ ఒరుగుతుందని మిగతా వాళ్లను సర్దేవాడట, ఆ మాట చెబుతూ తనే నవ్వుకుంటాడు. తెలుగు గలగలా మాట్లాడతాడు, సంతకం మాత్రం మరాఠీలో చేస్తాడు. కాటన్ ఎవరో ఆయనకు తెలియదు. నీళ్లు ఏ నెలలో ఎక్కడ ఎంత లోతుంటాయో అడగండి, చెయ్యి పెట్టి చూపిస్తాడు. నడుము, మోకాలు, చీలమండ. మూడో గీటు దగ్గర పడవ పనికి రాదు. 1871 నాటి కారణాల్లో ఒకటి ఆ చేతి కదలికలోనే తెలిసిపోతుంది.

సమన్వయం, లండన్:
వీడియో అయితే ఇంకా మంచిది అన్నా. ఆ చెయ్యి కనపడాలి. వరిచేను తీసేస్తున్నాం.

ప్యానెల్స్ టీమ్, క్రోయిడన్:
ఓకే. మూడు అడ్డంకులతో మ్యాప్ నేను గీస్తాను. సిరోంచకు ఇప్పటికీ రైలు లేదని కింద రాయొచ్చా?

సిరోంచ నుంచి:
రాయండి, అది నిజమే. బల్లార్షా కానీ మంచిర్యాల కానీ వెళ్లి ఎక్కాలి. మ్యాప్‌లో ఊళ్ల పేర్లు తెలుగులో, మరాఠీలో రెండింట్లో పెట్టండి, ఇక్కడి పిల్లలకు ప్రింట్ తీసి చూపిస్తాను. వాటర్లూ నుంచి డార్కింగ్ రైలు ఎన్నింటికో గ్రూపులో పెట్టండి, వీడియో అంతకుముందే పంపేస్తాను.