డబ్ల్యూపీఏ3 పెడితే పాత కెమెరా కనెక్ట్ అవ్వట్లేదు, గెస్ట్ వైఫైలో పెడితే రికార్డర్‌కు అందట్లేదు

ఇంట్లో డ్యూయల్ బ్యాండ్ (2.4, 5 గిగాహెర్ట్జ్) రౌటర్. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాను, డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తో, పిన్‌తో కనెక్ట్ అయ్యే పద్ధతి), రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపేశాను, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేశాను. ఇక్కడిదాకా ఇబ్బంది లేదు.

వైఫై సెక్యూరిటీని కొత్త రకమైన డబ్ల్యూపీఏ3కి మార్చగానే గేటు దగ్గరి కెమెరా పోయింది. దానికి 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే తెలుసు. పాత రకం డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ నడిచే మిక్స్‌డ్ మోడ్‌లోనూ అంతే: ఎర్ర లైటు కొట్టుకుంటుంది, కాసేపటికి "పాస్‌వర్డ్ తప్పు" అంటుంది. పాస్‌వర్డ్ సరైనదే! ఛానల్ 6, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టి, కెమెరాను రీసెట్ కూడా చేశాను. ఊహూఁ. డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ ఒక్కటే పెడితే మాత్రం వెంటనే పట్టుకుంటుంది.

అందుకని గెస్ట్ నెట్‌వర్క్‌ను డబ్ల్యూపీఏ2లో పెట్టి కెమెరాను అందులో కలిపాను. ఫోన్ యాప్‌లో బొమ్మ వస్తోంది. కానీ రౌటర్‌కు కేబుల్‌తో ఉన్న, కెమెరా వీడియో దాచే రికార్డర్‌కు కెమెరా దొరకదు. ల్యాప్‌టాప్ నుంచి పింగ్ చేసినా (కెమెరా జవాబిస్తుందో లేదో చూసినా) "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" అనే వస్తోంది. "గెస్ట్‌లకు లోకల్ నెట్‌వర్క్ యాక్సెస్" టిక్ పెడితే రికార్డింగ్ నడుస్తుంది గానీ, అప్పుడు వచ్చిన చుట్టాల ఫోన్లకూ అన్నీ తెరిచినట్టే కదా. ఈ రౌటర్‌లో వీల్యాన్ (ఒకే నెట్‌వర్క్‌ను వేరువేరు భాగాలుగా విడదీసే) సెట్టింగ్ కనిపించలేదు.

కొత్త కెమెరా కొనకుండా, ఫోన్లు, ల్యాప్‌టాప్ డబ్ల్యూపీఏ3లోనే ఉంచి, గెస్ట్‌లో ఉన్న ఈ ఒక్క కెమెరాను రికార్డర్‌కు మాత్రమే అందేలా చేయడం ఎలా?