స్నేహితుల గ్రూపులో వార్తల చర్చ వద్దనడం న్యాయమేనా?

పాతకాపు:
పాత స్నేహితుల వాట్సాప్ గ్రూపు ఒకటి ఉంది, అడ్మిన్లలో నేనూ ఒకణ్ణి. ఎన్నికల ఫలితాలు వచ్చిన రాత్రి ఇద్దరు మిత్రులు తెల్లవార్లూ వాదించుకున్నారు. పార్టీలతో మొదలై, ఒకడి ఉద్యోగం మీదకి, అక్కణ్ణుంచి రెండోవాడి పిల్లల పెంపకం మీదకి వెళ్లింది. పొద్దున చూస్తే సగం మెసేజ్‌లు డిలీట్ చేసి ఉన్నాయి. ఒకడు గ్రూపులోంచి వెళ్లిపోయాడు. ఆ రోజే రూల్ పెట్టాను: రాజకీయాలు, మతం, యుద్ధాలు, తాజా వార్తలు ఇక్కడ వద్దు. అప్పటినుంచి ప్రశాంతంగా ఉంది. కానీ కొందరు నన్ను నియంత అంటున్నారు. స్నేహం నిలవాలంటే కొన్ని విషయాలు మాట్లాడకపోవడమే మేలని నా నమ్మకం. మీరేమంటారు?

చుక్కాని:
నూటికి నూరు పాళ్లు సరైన పని. ఒక లెక్క చెప్తాను. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ అనే ఆచార్యుడు 2018లో ఒక అధ్యయనం ప్రచురించాడు. పరిచయస్తుడు మామూలు స్నేహితుడు కావడానికి కలిసి గడిపిన సమయం దాదాపు 50 గంటలు ఉండాలట. ఇంకొంచెం దగ్గరవ్వాలంటే 90. ఆప్తమిత్రుడు కావాలంటే 200 గంటలు దాటాలి. పైగా ఆఫీసులో పక్కపక్కన కూర్చున్న గంటలకి అంత విలువ లేదట, కబుర్లు చెప్పుకుంటూ ఊరికే గడిపిన గంటలే పనికొస్తాయి. ఉద్యోగాలు, సంసారాలు వచ్చాక అలాంటి 200 గంటలు మళ్లీ ఎవరిస్తారు? చదువుకునే రోజుల్లో ఖర్చు లేకుండా సంపాదించుకున్న ఆస్తి అది. ఎవరో నాయకుడి కోసం ఒక్క రాత్రిలో తగలబెట్టుకుంటామా? వాట్సాప్ వాదనలో మనసు మార్చుకున్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

ఎండమావి:
చుక్కాని గారూ, లెక్క బాగుంది. కానీ ‘తాజా వార్త’ అంటే ఏమిటో ఎవరు తేలుస్తారు? మా గ్రూపులోనూ ఇలాంటి రూలే ఉంది. ఒకమ్మాయి వాళ్ల తమ్ముడు పనిచేసే దేశంలో యుద్ధం మొదలైంది. విమానాలు రద్దయ్యాయి, ఫోన్లు కలవడం లేదు. ఆ అమ్మాయి రాత్రి ఒంటిగంటకి “ఎవరికైనా అక్కడ తెలిసినవాళ్లున్నారా” అని పెట్టి, కింద తనకెంత భయంగా ఉందో రాసింది. ఒక పెద్దమనిషి ఇచ్చిన జవాబు: “రూల్స్ చూడమ్మా, యుద్ధాల గురించి వద్దు.”

మిగతావాళ్లకి అది వార్త. ఆ అమ్మాయికి తమ్ముడు. ఉద్యోగాల కోత సంగతీ అంతే. కోత పడనివాడికి అది పేపర్లో ఒక శీర్షిక, పడినవాడికి వచ్చే నెల వాయిదా. వార్తలు వద్దనే రూల్ ఎవరికి సుఖంగా ఉంటుందో చూడండి. ఆ వార్త తమ గడప తొక్కనివాళ్లకే.

గడియారం:
మా గ్రూపులో రూల్ పెట్టాక మిగిలినవి పుట్టినరోజు శుభాకాంక్షలే. వాటిని కూడా కాపీ కొట్టి, పాత పేరు తీసేయడం మర్చిపోతున్నారు. మొన్న నాకు వేరేవాడి పేరుతో ఆరు దీవెనలు వచ్చాయి.

రాత్రిబండి:
ఇక్కడ రెండు వేరే విషయాలు కలగాపులగం అవుతున్నాయి. ఒకటి మనిషి తన మాటల్లో చెప్పే అభిప్రాయం, రెండోది ఫార్వర్డ్. మా గ్రూపులో నూటికి తొంభై గొడవలు ఫార్వర్డ్‌లతోనే మొదలయ్యాయి. ఎవరు రాశారో తెలియదు, ఎప్పటి వీడియోనో తెలియదు. పెట్టినవాణ్ణి అడిగితే “నాకొచ్చింది, పంపాను” అంటాడు. బాధ్యత తీసుకోడు, వెనక్కీ తీసుకోడు.

వాట్సాప్‌వాళ్లకే ఇది తలనొప్పి అయింది. 2018లో మన దేశంలో ఒకేసారి ఐదు చాట్‌లకి మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి చేశారు. 2019లో ప్రపంచమంతటా అదే పెట్టారు. 2020 ఏప్రిల్లో, అప్పటికే చాలాసార్లు చేతులు మారినవాటిని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా మార్చారు. ట్విట్టర్ సంగతికొస్తే, 2018లో ఎంఐటీ పరిశోధకులు పదకొండేళ్ల ట్వీట్లు తిరగేశారు. నిజమైన వార్తకంటే అబద్ధపు వార్తను జనం మళ్లీ పంచుకునే అవకాశం 70 శాతం ఎక్కువట. అదీ రోబో ఖాతాల పుణ్యం కాదు, మనలాంటి మనుషుల చలవే. అబద్ధంలో కొత్తదనం ఎక్కువ ఉంటుంది కాబట్టి వేలు ఆగదు.

అందుకని నా ఓటు: ఫార్వర్డ్ వద్దు, సొంత మాట ముద్దు. “దీని గురించి నువ్వేమనుకుంటున్నావో రెండు ముక్కలు రాయి” అంటే సగంమంది అక్కడే ఆగిపోతారు.

అడ్డగీత:
రాత్రిబండి గారి మాట ఒప్పుకుంటాను, కానీ పాతకాపు గారి మిత్రులు ఆ రాత్రి కొట్టుకున్నది ఫార్వర్డ్‌లతో కాదు కదా. సొంత మాటలతోనే. పెంపకం దాకా వెళ్లారంటే చాలా సొంతమైన మాటలే.

నేననుకునేది చెప్తాను. గొడవకి కారణం వార్తా కాదు, అభిప్రాయ భేదమూ కాదు. చూసేవాళ్లు. ఆ ఇద్దరినే ఒక గదిలో కూర్చోబెడితే పావుగంట వాదించుకుని, “సర్లే, నీకు చెప్పడం నా వల్ల కాదు” అని వేరే విషయంలోకి వెళ్లిపోయేవారు. గ్రూపులో అలా వెళ్లడం కుదరదు. వెనక్కి తగ్గితే అందరి ముందూ తగ్గినట్టు. పక్కనుంచి ఒకడు నవ్వే బొమ్మ పెడతాడు, ఇంకొకడు “కరెక్ట్ బ్రో” అంటాడు. ఇక ఎదురుగా ఉన్నది స్నేహితుడని మర్చిపోతాం, చూస్తున్నవాళ్లకోసం రాయడం మొదలవుతుంది. నా మాట నమ్మకపోతే మీ గ్రూపులో ఒక పాత గొడవ వెతికి చదవండి. మొదటి నాలుగైదు మెసేజ్‌లు ‘నువ్వు’ అని ఉంటాయి. తర్వాత ‘కొంతమంది’ అని, ‘ఇలాంటివాళ్లు’ అని మారతాయి. ఆ ‘కొంతమంది’ ఎవరో అందరికీ తెలుసు, పేరు మాత్రం ఎవరూ రాయరు.

అమెరికా చరిత్రలో జాన్ ఆడమ్స్, థామస్ జెఫర్సన్ సంగతి చూడండి. స్వాతంత్ర్య పోరాటంలో కలిసి పనిచేసినవాళ్లు. 1800 ఎన్నికల్లో ఒకరిమీద ఒకరు నిలబడ్డారు, పత్రికల్లో ఇరుపక్షాలూ బురద చల్లుకున్నాయి. ఏళ్ల తరబడి మాటల్లేవు. ఇద్దరికీ మిత్రుడైన బెంజమిన్ రష్ అనే వైద్యుడు వెంటపడి నచ్చజెప్పాక, 1812 కొత్త సంవత్సరం రోజున ఆడమ్స్ ఉత్తరం రాశాడు. మనం ఒకరికొకరం విడమరిచి చెప్పుకోకుండా చచ్చిపోకూడదని మరుసటేడు ఇంకో ఉత్తరంలో రాశాడు. తర్వాత పద్నాలుగేళ్లు ఉత్తరాలు నడిచాయి. అవే విభేదాలు, అదే వాదన. కానీ చుట్టూ జనం లేరు. చివరికి 1826 జూలై 4న, ఒకే రోజున ఇద్దరూ పోయారు.

కాబట్టి విషయాన్ని నిషేధించడం వల్ల లాభం లేదు పాతకాపు గారూ. ఆ ఇద్దరికీ మధ్యలోంచి ప్రేక్షకుల్ని తీసేయండి చాలు.

ఎండమావి:
బాగా చెప్పారు గానీ, నాకు వెంటనే గాంధీ, ఠాగూర్ గుర్తొచ్చారు. వాళ్లు వాదించుకున్నది దేశమంతా చూస్తుండగానే. 1921లో సహాయ నిరాకరణ మీద, రాట్నం మీద ఠాగూర్ పత్రికలో విమర్శ రాస్తే, గాంధీ తన పత్రికలో జవాబిచ్చారు. 1934 బీహార్ భూకంపం అంటరానితనమనే పాపానికి దేవుడు వేసిన శిక్ష అని గాంధీ అన్నారు. ఠాగూర్‌కి ఒళ్లు మండింది, ప్రకృతి ఘటనకీ నీతికీ ముడిపెట్టడం మూఢత్వమే అవుతుందని గట్టిగా ఖండించారు. ఆ ఖండనను గాంధీ తన ‘హరిజన్’ పత్రికలోనే అచ్చు వేశారు, తన మాట మీద తాను నిలబడుతూ జవాబూ రాశారు. అయినా 1940లో గాంధీ శాంతినికేతన్ వచ్చినప్పుడు, తన తర్వాత విశ్వభారతిని చూసుకొమ్మని ఠాగూర్ ఆయన చేతిలో ఉత్తరం పెట్టారు. జీవితమంతా కట్టుకున్న సంస్థను అప్పగించడానికి ఆయనకి గుర్తొచ్చినది, తనతో అన్నేళ్లు విభేదించిన మనిషి.

ప్రేక్షకులున్నా స్నేహం చెడలేదు. మరి దానికేమంటారు?

చుక్కాని:
మనం గాంధీలమూ ఠాగూర్లమూ అయితే ఈ గ్రూపుల్లో ఎందుకుంటామండీ.

అడ్డగీత:
ఎండమావి గారు మంచి దెబ్బే కొట్టారు. ఒక్క తేడా మాత్రం చూడండి. పత్రికకి రాసేవాడు రాసి, చదువుకుని, కొట్టేసి, మళ్లీ రాస్తాడు. జవాబు రావడానికి రోజులు, వారాలు పడుతుంది. ఆ లోపల కోపం చల్లారుతుంది. ఎదుటివాడి వ్యాసం మొత్తం చదివే వ్యవధి ఉంటుంది. మన గ్రూపులో ఒక వాక్యం టైప్ చేసే లోపల పైన పది మెసేజ్‌లు పడతాయి. పంపాక చూస్తే మనం జవాబిచ్చిన మాటను వాడు అప్పటికే సవరించుకుని ఉంటాడు. మన జవాబు ఆ సవరణ కింద పడి, కావాలని పొడిచినట్టు కనిపిస్తుంది. నిజానికి సగం గొడవలు ఈ వరస తప్పడంవల్లే.

సరే, నా మాటను కొంచెం మారుస్తాను: ప్రేక్షకులు ఉండి, వేగం కూడా ఉంటే చెడుతుంది. రెంటిలో ఒకటి తీసేసినా బతకొచ్చు.

పాతకాపు:
అందరూ మాట్లాడేవాళ్ల గురించే చెప్తున్నారు. వాదించేది నలుగురు, చూసేది మిగతా అందరూ. రూల్ పెట్టాక నాకు విడిగా మెసేజ్‌లు వచ్చాయి, “హమ్మయ్య, ఇప్పుడు గ్రూపు తెరవాలంటే టెన్షన్ లేదు” అని. వాళ్లు గ్రూపులో ఒక్క ముక్క రాయరు, కానీ రోజూ చూస్తారు. ఆసుపత్రిలో రోగి పక్కన కూర్చుని రాత్రిపూట పాత ఫొటోలు చూసుకునేవాడొకడు ఉన్నాడు. వాడికి తెరవగానే తిట్లు కనిపించాలా? వాళ్ల ప్రశాంతతకి విలువ లేదా?

ఇక ఇద్దరూ విడిగా మాట్లాడుకోమంటే ఎవరు ఫోన్ చేస్తారండీ? ‘ముందు వాడు చెయ్యాలి’ అనేది ఇద్దరి మాటా.

ఎండమావి:
ఆ రోగి పక్కనున్న మిత్రుడి మాట కాదనను. కానీ నోరు మెదపనివాళ్లందరూ హాయిగా ఉన్నారని అనుకోవద్దు. కొంతమంది మనసు విరిగి మాట్లాడరు. ఒకడు నా పుట్టుక గురించో, నా మతం గురించో గ్రూపులో వెటకారం చేశాడనుకోండి. మీరొచ్చి “వార్తలు వద్దు, ఇద్దరూ ఆపండి” అంటే, అన్నవాడికీ పడ్డవాడికీ ఒకటే శిక్ష వేసినట్టు. పైగా అప్పటికి వాడి మాట పడిపోయింది, ఇక అడ్డం పడేది నా జవాబుకే. పన్నులు తగ్గాలా పెరగాలా అన్నది అభిప్రాయం. నేను ఇక్కడ ఉండొచ్చా కూడదా అన్నది అభిప్రాయం కాదు. అలాంటి చోట 200 గంటల లెక్క చూసుకుంటూ కూర్చోను. పోయే స్నేహం పోతుంది, పోనివ్వాలి కూడా.

చుక్కాని:
దీనితో నాకు పేచీ లేదు. నేనన్నది మామూలు పార్టీల గోల గురించి.

గడియారం:
మా వాళ్లు ఒక పని చేశారు, చెప్తాను. వాదనలకోసం వేరే గ్రూపు పెట్టారు, ఇష్టమున్నవాళ్లు చేరొచ్చన్నారు. వాదించే ఇద్దరూ పరుగెత్తుకెళ్లి చేరారు. ఇంకెవ్వరూ చేరలేదు. మొదటి సాయంత్రం ఒక లింక్, ఒక ఎదురు లింక్. తర్వాత “మిగతావాళ్లేరి?” అని ఒకడు అడిగాడు. “రాలేదు” అని రెండోవాడు. అంతే, గ్రూపు చచ్చిపోయింది. ఇద్దరూ పాత గ్రూపుకొచ్చి క్రికెట్ గురించి కొట్టుకుంటున్నారు, క్రికెట్ మీద రూల్ లేదు.

అడ్డగీత:
నేను రెండు పేజీల్లో చెప్పలేనిది గడియారం గారు ఆరు లైన్లలో తేల్చేశారు. చూసేవాళ్లు లేకపోతే ఆ వాదన వాళ్లకే అక్కర్లేదు. పాతకాపు గారూ, ఎవరు ముందు ఫోన్ చెయ్యాలని అడిగారు కదా. ఆడమ్స్ కథలో డాక్టర్ రష్ చేసిన పని మీరు చేయండి. రూల్ రాసినంత తేలిక కాదు, నిజమే. వెళ్లిపోయినవాడికి ఫోన్ చేసి “వాడు నీ గురించి అడిగాడు” అనండి. రెండోవాడికి చేసి అదే చెప్పండి. ఇందులో కాస్త అబద్ధం ఉన్నా పాపం అంటదు.

రాత్రిబండి:
అబద్ధపు వార్తలు వ్యాప్తి చేయకూడదని పైన నేను అంత రాసింది దీనికా!

పాతకాపు:
సరే, రూల్ మార్చి రాస్తున్నాను, చూడండి. “ఫార్వర్డ్‌లు వద్దు. వార్త మీ ఇంటిదాకా వస్తే తప్పకుండా చెప్పండి, సాయం అడగండి. మనుషుల పుట్టుక మీద, నమ్మకం మీద వెటకారం చేస్తే, చేసినవాళ్లనే అడుగుతాం. వాదన పెరిగితే ఇద్దరూ ఫోన్‌లో మాట్లాడుకోండి, గ్రూపులో కొనసాగించొద్దు.”

ఎండమావి:
మొదటి మూడూ బాగున్నాయి. నాలుగోది, ‘పెరిగితే’ అన్నారు. పెరిగిందని ఎవరు చెప్తారు?

పాతకాపు:
అడ్మిన్లు.

ఎండమావి:
అడ్మిన్లందరిదీ ఒకటే పార్టీ అయితే?

రాత్రిబండి:
దానికి వేరే చర్చ మొదలుపెట్టండి. ఇప్పటికే దీన్ని చదవడానికి నాకు భోజనవేళ అయిపోయింది.