గతుకుల దారిలో వెనక ట్యూబ్ ప్రతిసారీ వాల్వ్ మొదట్లోనే చిరుగుతోంది

వికారాబాద్ నుంచి అనంతగిరి మీదుగా కోట్‌పల్లి ప్రాజెక్టు వైపు, ఊళ్ల మధ్య కంకర తేలిన దారుల్లో నెలకు రెండుసార్లు సైకిల్ మీద వెళ్తుంటాను. గత మూడు రైడ్‌లలోనూ వెనక ట్యూబ్ ఒకే చోట పోయింది. వాల్వ్ కాడ ట్యూబ్‌కి అతుక్కునే చోట అర సెంటీమీటరు చీలిక. తారురోడ్డు మీద ఏమీ కాదు. గతుకుల్లో 20-25 కిలోమీటర్లు వెళ్లాక గాలి ఒక్కసారిగా దిగిపోతుంది. అక్కడ ప్యాచ్ నిలవదు. మొన్న వెంట తెచ్చుకున్న ట్యూబ్ కూడా పోయి, ఎండలో 9 కిలోమీటర్లు సైకిల్ నెట్టుకుంటూ నడిచాను.

హైబ్రిడ్ సైకిల్, 700 బై 35 సైజు టైర్లు. నా బరువు 82 కిలోలు, వెనక క్యారియర్ మీద సామాను 7 కిలోలు. కుదుపు తగ్గాలని రెండు చక్రాలకూ గాలి ఒత్తిడి 45 పీఎస్‌ఐ మాత్రమే పెడుతున్నాను. ముందు చక్రంతో ఇబ్బంది లేదు. ట్యూబ్‌ది సన్నని ప్రెస్టా వాల్వ్, వెనక రిమ్ రంధ్రం మాత్రం లావు వాల్వ్‌కి సరిపడేది.

కొత్త రిమ్ టేప్ (రిమ్‌కీ ట్యూబ్‌కీ మధ్య వేసే పట్టీ) వేశాను, రంధ్రం అంచుని గరుకు కాగితంతో నున్నగా రుద్దాను, వేరే కంపెనీ ట్యూబ్ కూడా వాడి చూశాను. టైరులో తుమ్మముళ్లు లేవు. ఒకటి గమనించాను: బయల్దేరేటప్పుడు నిటారుగా ఉన్న వాల్వ్, చిరిగాక చూస్తే పక్కకి వాలి ఉంటోంది.

గాలి తక్కువై టైరు రిమ్ మీద జారుతూ వాల్వ్‌ని లాగుతోందా, లేక వదులు రంధ్రమే కారణమా, ముందు ఏది సరిచేయమంటారు?