పచ్చళ్ల వ్యాపారానికి టిన్ నంబర్ అడుగుతున్నారు. పాన్, ట్యాన్, జీఎస్టీ అన్నీ వేరువేరా?

తెనాలి అబ్బాయి:

అందరికీ నమస్కారం. మాది తెనాలి. మా అమ్మ పన్నెండేళ్లుగా ఇంట్లోనే ఆవకాయ, మాగాయ, గోంగూర, పండుమిర్చి పచ్చళ్లు పెట్టి అమ్ముతోంది. మొదట్లో మా వీధి వాళ్లకే ఇచ్చేది. ఇప్పుడు గుంటూరు, విజయవాడ నుంచి వాట్సాప్‌లో ఆర్డర్లు వస్తున్నాయి. ప్యాకింగ్, లెక్కలు నేను చూసుకుంటాను. ఏడాదికి ఏడెనిమిది లక్షల అమ్మకం ఉంటుంది.

పోయిన వారం కూకట్‌పల్లిలో పిండివంటల షాపు నడిపే ఒకాయన ఫోన్ చేసి నెలకు 40 కిలోలు కావాలన్నారు. అమ్మ ఆ రాత్రి నిద్రపోలేదు, జాడీలు ఎన్ని కావాలో లెక్క వేస్తూ కూర్చుంది. మర్నాడు ఆయనే మళ్లీ ఫోన్ చేసి "మీ టిన్ నంబర్ పంపించండి, బిల్లు మీద ఉండాలి" అన్నారు. అప్పటినుంచి ఒకటే టెన్షన్. నెట్‌లో టిన్ అని వెతికితే అమెరికా ఫారాలు వస్తున్నాయి. ఇక్కడ ఒక ఏజెంట్‌ని అడిగితే షాపు పేరు మీద కొత్త పాన్, ట్యాన్, జీఎస్టీ మూడూ తీయాలి, 9 వేలు అవుతుంది అన్నాడు.

ఇంకో సమస్య ఉంది. అమ్మకి రెండు పాన్ కార్డులు ఉన్నాయి. 2011లో టెన్త్ సర్టిఫికెట్ పెట్టి తీసింది పుట్టింటి ఇంటిపేరుతో ఉంది. అది పోయిందనుకుని 2017లో ఆధార్ పెట్టి ఇంకోటి తీశాం. ఈమధ్య బీరువా సర్దుతుంటే చీరల కింద మొదటిది దొరికింది. ఏం చేయాలి?

మిర్చి యార్డు గుమస్తా:

బాబూ, ముందు ఆ 9 వేలు ఎవరికీ ఇవ్వకు. నేను గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ షాపులో 34 ఏళ్లు లెక్కలు రాశాను, ఇప్పుడు ఇంటి దగ్గరే ఉంటున్నాను. ఒక్కొక్కటీ చెబుతాను, నిదానంగా చదువు.

టిన్ అనేది వ్యాట్ కాలం మాట. వ్యాట్ అంటే జీఎస్టీకి ముందున్న అమ్మకం పన్ను. 2005 ఏప్రిల్ 1న మన రాష్ట్రంలో వ్యాట్ వచ్చినప్పుడు 11 అంకెల నంబర్ ఇచ్చారు, అప్పట్లో 28తో మొదలయ్యేది. పన్నెండేళ్లు ప్రతి బిల్లు మీదా టిన్ రాశాం. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక ఆ నంబర్ పని అయిపోయింది. కానీ నోటికి అలవాటైన మాట పోదు కదా, పాత వ్యాపారులు ఇప్పటికీ టిన్ అనే అంటారు. ఆయన అడుగుతున్నది జీఎస్టీ నంబర్.

ఆ నంబర్ ఎలా ఉంటుందో తెలిస్తే నీ సందేహాలు సగం తీరతాయి. మొత్తం 15 స్థానాలు. మొదటి రెండూ రాష్ట్రం, ఆంధ్రాకి 37, తెలంగాణకి 36. తర్వాతి పదీ మీ అమ్మ పాన్ నంబరే, అక్షరం మారకుండా. 13వది ఆ పాన్ మీద ఆ రాష్ట్రంలో ఎన్నో రిజిస్ట్రేషనో చెబుతుంది. 14వది మామూలుగా జెడ్. ఆఖరిది తప్పు పడిందేమో సరిచూసుకోవడానికి. అంటే జీఎస్టీ నంబర్ పాన్ కడుపులోంచి వచ్చేదే.

అందుకే షాపు పేరు మీద కొత్త పాన్ అన్న మాట తప్పు. ఒక్క మనిషి సొంతంగా చేసే వ్యాపారానికి వేరే పాన్ ఉండదు, యజమాని పానే వ్యాపారం పాన్. కార్డు మీద నాలుగో అక్షరం చూడు, అమ్మది "పి" అయి ఉంటుంది, అంటే వ్యక్తి. నువ్వూ అమ్మా పార్ట్‌నర్‌షిప్ రాసుకుంటే అప్పుడు ఫర్మ్‌కి వేరే పాన్ తీయాలి, దాని నాలుగో అక్షరం "ఎఫ్" వస్తుంది. కంపెనీకైతే "సి".

ఇది నాకు బాగా తెలియడానికి ఒక కారణం ఉంది. మా ఓనర్ గారు 2019లో పోయారు. కార్యక్రమాలు అయ్యాక వాళ్లబ్బాయి షాపు తెరిచి, పాత జీఎస్టీ నంబర్ మీదే నాలుగు నెలలు బిల్లులు రాయించాడు. రాసింది నేనే. లోపల ఉన్న పాన్ చనిపోయిన మనిషిదని నాకూ తట్టలేదు. తర్వాత ఆ అబ్బాయి తన పాన్ మీద కొత్త రిజిస్ట్రేషన్ తీసుకోవాల్సి వచ్చింది. ఆ నాలుగు నెలల బిల్లులు సరిచేయడానికి రాత్రిళ్లు పదింటి దాకా కూర్చున్నాం. కొన్న పార్టీలకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పుకోవాల్సి వచ్చింది. ఎవరి పాన్ మీద వ్యాపారం నడుస్తోందో ఇంట్లో అందరికీ తెలిసుండాలి బాబూ.

ట్యాన్ మీకు అక్కర్లేదు. జీతాల్లోనో, కాంట్రాక్టర్ల బిల్లుల్లోనో టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చేటప్పుడే కోసే పన్ను, పట్టి ప్రభుత్వానికి కట్టేవాళ్లకి అది. మీ స్థాయి ఇంటి వ్యాపారానికి ఆ బాధ్యత రాదు. 50 లక్షలు దాటిన ఇల్లు కొన్నప్పుడు పట్టే టీడీఎస్‌ని కూడా పాన్‌తోనే కట్టొచ్చు, ట్యాన్ అడగరు.

ఇక జీఎస్టీ తప్పదా అంటే, తప్పదు. ఆంధ్రాలో సరుకు అమ్మేవాళ్లకి 40 లక్షల వరకు రిజిస్ట్రేషన్ అవసరం లేదు. మీ ఏడెనిమిది లక్షలకి ఇన్నాళ్లూ ఏ ఇబ్బందీ లేదు. కానీ పచ్చళ్లలాంటి సరుకు రాష్ట్రం దాటించి అమ్మితే మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ ఉండాలి. తెనాలి నుంచి కూకట్‌పల్లికి పంపడం 2014 ముందైతే ఒకే రాష్ట్రంలో వ్యాపారం. ఇప్పుడు పక్క రాష్ట్రం కిందే లెక్క. ఒక్క శాతం కట్టే కాంపోజిషన్ స్కీమ్ గురించి ఎవరైనా చెబితే తీసుకోకు, అందులో ఉన్నవాళ్లు రాష్ట్రం బయటకి అమ్మకూడదు. రిజిస్ట్రేషన్‌కి ప్రభుత్వం ఫీజు ఏమీ తీసుకోదు.

రెండు పాన్‌ల సంగతి అన్నిటికన్నా ముందు తేల్చాలి. ఒక మనిషికి ఒక్కటే ఉండాలి, రెండుంటే 10 వేల జరిమానా వేసే అధికారం ఉంది. ఆధార్‌కి లింక్ అయినది, అంటే 2017ది ఉంచుకోండి. పాన్‌లో మార్పుల దరఖాస్తు నింపేటప్పుడు, పొరపాటున వచ్చిన అదనపు పాన్ రాసే గడి ఉంటుంది. అందులో 2011 నంబర్ రాయండి. దానికంటే ముందు పాత నంబర్ ఏ బ్యాంక్ ఖాతాలో, ఏ ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఇచ్చారో వెతికి అక్కడ కొత్తది నమోదు చేయించండి.

హనుమకొండ మగ్గం వదిన:

బాబాయ్ గారు చెప్పినవాటికి ఒకటి కలుపుతాను తమ్ముడూ. పేరు సరిగ్గా చూసుకో. నేను ఇంట్లో మగ్గం వర్క్ చేస్తాను. నా ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమే ఉండేది, పాన్‌లో పూర్తిగా ఉండేది. ఆధార్‌తో లింక్ చేయబోతే పేరు కలవడం లేదని మూడుసార్లు తిప్పికొట్టింది. మన తెలుగువాళ్లకి ఇంటిపేరు ముందుంటుంది, పాన్ ఫారంలోనేమో దానికి వేరే గడి. నింపేవాళ్లు అటూ ఇటూ మార్చి రాసేస్తారు. పాన్‌లో ఐదో అక్షరం ఇంటిపేరు మొదటి అక్షరం కావాలి. నాది చూస్తే నా పేరు మొదటి అక్షరం ఉంది. అది మారదు, అలాగే ఉన్నా తప్పు కాదని చెప్పారు. గడుల్లో పేర్లు మాత్రం సరిచేయించుకున్నాను.

అమ్మకి పాన్ మీద నాన్నగారి పేరు దగ్గర మీ తాతయ్య పేరు ఉంటుంది. మీ నాన్న పేరు లేదని కంగారుపడి మార్పించకండి. పెళ్లయినవాళ్లకి కూడా తండ్రి పేరే వేస్తారు.

ఇంకో మాట, మా తెలంగాణలో సరుకుకి కూడా 20 లక్షలే పరిమితి. ఇది చదివే మావైపు అక్కలు 40 అనుకోవద్దు.

డాలస్ అన్నయ్య:

నువ్వు చూసిన అమెరికా పేజీల గురించి ఒక ముక్క. ఇక్కడ టిన్ అంటే ఒక నంబర్ కాదు, పన్ను నంబర్లన్నిటికీ కలిపి వాడే పేరు. ఉద్యోగానికి అనుమతి ఉన్నవాళ్లకి సోషల్ సెక్యూరిటీ నంబర్. మా ఆవిడ హెచ్4 మీద, అంటే ఉద్యోగి మీద ఆధారపడి వచ్చేవాళ్ల వీసా మీద, వచ్చినప్పుడు అది ఇవ్వలేదు, అందుకని ఐటిన్ తీశాం. అది 9తో మొదలయ్యే తొమ్మిదంకెల నంబర్, పన్ను రిటర్న్ కోసమే, దాన్ని చూపించి ఉద్యోగం చేయడానికి లేదు. వ్యాపారాలకి ఈఐఎన్ అనే నంబర్, ఇక్కడి పన్ను శాఖ ఐఆర్‌ఎస్ ఉచితంగా ఇస్తుంది. వీటిలో ఏదీ మీ అమ్మగారికి సంబంధం లేదు.

తెనాలి అబ్బాయి:

మీ అందరికీ ఎంత థ్యాంక్స్ చెప్పినా తక్కువే. బాబాయ్ గారూ, 2011 నంబర్ ఒక్క పోస్టాఫీసు డిపాజిట్‌లోనే ఉంది, సోమవారం అమ్మని తీసుకెళ్తాను. ఒక్కటే ప్రశ్న. ఆయన తొందరపెడుతున్నారు. జీఎస్టీ నంబర్ వచ్చేలోపు మొదటి 40 కిలోలు పంపేయొచ్చా? బిల్ బుక్ ప్రింటింగ్‌కి ఇవ్వనా?

మిర్చి యార్డు గుమస్తా:

పంపకు. నంబర్ లేకుండా బిల్లు మీద పన్ను రాయడానికి వీల్లేదు, పన్ను లేని బిల్లు ఆయనకి పనికిరాదు. దరఖాస్తుకి అమ్మ పాన్, ఫోన్‌కి లింక్ అయిన ఆధార్, ఫోటో, ఇంటి కరెంటు బిల్లు సిద్ధం చేసుకో. ఇల్లు నాన్న పేరు మీద ఉంటే ఆయన సమ్మతి పత్రం కూడా కావాలి. నంబర్ వచ్చాక ఆయనకిచ్చే బిల్లులో ఐజీఎస్టీ, అంటే రాష్ట్రం దాటే అమ్మకానికి వేసే జీఎస్టీ, ఒక్కటే రాయాలి. పచ్చళ్లకి 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతం, అంతకుముందు 12 ఉండేది. అమ్మకం లేకపోయినా రిటర్న్ వేయాలి, మానేస్తే రోజుకు 20 రూపాయలు ఆలస్య రుసుము పడుతుంది. మూడు నెలలకోసారి వేసే పద్ధతి ఎంచుకో.

బిల్ బుక్ ఇప్పుడే ఇవ్వకు. సర్టిఫికెట్ చేతికొచ్చాక 15 స్థానాలూ అమ్మ చేత ఒకసారి పైకి చదివించు, నువ్వు పాన్ కార్డు పక్కన పెట్టుకుని సరిచూడు. ఆ తర్వాత ప్రెస్‌కి ఇవ్వు.